ఉపవాసం సరే... క్రియాటినిన్ ఎంత?

పదహారు గంటలు కడుపు ఖాళీగా ఉంచి, మిగతా ఎనిమిది గంటల్లోనే తినాల్సింది తినమనే సలహా ఇప్పుడు కాశీబుగ్గ బజారు నుంచి ఇచ్ఛాపురం దాకా ప్రతి సెల్‌ఫోన్‌లోనూ వినబడుతోంది. బరువు తగ్గుతారంటారు, షుగరు దిగుతుందంటారు, పొట్ట కరుగుతుందంటారు. దాని వెనకే ఇంకో సలహా వస్తుంది. తల తిరిగితే ఉప్పు నీళ్లు తాగండి, ఎలక్ట్రోలైట్ పొడి కలుపుకోండి, కొబ్బరినీళ్లు తాగండి, రోజుకు నాలుగు లీటర్ల నీళ్లు పట్టించండి అని. ఏసీ గదిలో కూర్చుని పనిచేసుకునే, కిడ్నీలు బాగున్న ముప్పై ఏళ్ల మనిషికి ఈ మాటల వల్ల పెద్ద చేటు జరగకపోవచ్చు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మాత్రం ఇవే మాటలు మనిషిని ఆస్పత్రి మంచం ఎక్కించగలవు.

కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం. కొబ్బరి, జీడి, పనస తోటలతో పచ్చగా కనిపించే ఈ ఉద్దానం మండలాల్లో 1990ల నుంచీ కిడ్నీ జబ్బు మనుషుల్ని తీసుకుపోతోంది. షుగరు లేదు, బీపీ లేదు, అయినా కిడ్నీలు పాడవుతున్నాయి. విశాఖ నెఫ్రాలజిస్టు, ఆరోగ్య విశ్వవిద్యాలయం మాజీ వైస్ చాన్స్‌లర్ డాక్టర్ టి. రవిరాజు బృందం మొదలుకొని జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ దాకా ఎందరో ఊరూరా తిరిగి రక్తం, మూత్రం పరీక్షించారు. 2019, 2020లలో వెలువడిన అధ్యయనాలు చెప్పిన లెక్క దాదాపు ఒక్కటే: పెద్దవాళ్లలో ప్రతి ఐదుగురిలో సుమారు ఒకరికి దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఉంది. 2017లో అమెరికాలోని హార్వర్డ్ నుంచి డాక్టర్ జోసెఫ్ బాన్‌వెంత్ర బృందం విశాఖ వచ్చి ఈ జబ్బు గురించి చర్చించింది. నీళ్లలోని సిలికా అన్నారు, భారలోహాలన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో ఒళ్లు వంచే పని అన్నారు, నొప్పుల మాత్రలన్నారు. ఏ ఒక్కటీ ఇదే కారణమని ఇంతవరకూ తేలలేదు.

అంటే ఉద్దానంలో పదిమంది ఫోనులో ఆ సలహా విని ఉపవాసం మొదలుపెడితే, అందులో ఇద్దరి కిడ్నీలు అప్పటికే దెబ్బతిని ఉండొచ్చు. ఆ సంగతి ఆ ఇద్దరికీ తెలియకపోవచ్చు. ఈ జబ్బు తొలిదశలో నొప్పి ఉండదు, వాపు ఉండదు, చాలామందికి మూత్రంలో ప్రోటీన్ కూడా అంతగా పోదు. మూత్రంలో పట్టీ ముంచి చూసి అంతా బాగుందని ఇంటికి పంపినా లోపల జబ్బు నడుస్తూనే ఉంటుంది.

ఆరోగ్యంగా ఉన్న కిడ్నీలు రెండూ కలిసి రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడపోస్తాయి. అందులో లీటరున్నర, రెండు లీటర్లు మాత్రమే మూత్రంగా బయటికి పంపి మిగతాదంతా ఒంటికి తిరిగి ఇచ్చేస్తాయి. ఎంత సోడియం ఉంచాలి, ఎంత పొటాషియం పంపాలి, ఎంత నీరు ఆపాలి అని నిమిష నిమిషమూ సరిచూస్తాయి. రక్తంలో సోడియం లీటరుకు 135 నుంచి 145 మిల్లీమోల్స్ మధ్య, పొటాషియం 3.5 నుంచి 5 మధ్య నిలబడుతున్నాయంటే ఆ చలవ వాటిదే. కిడ్నీలు బాగుంటే మనం ఒకపూట ఉప్పు ఎక్కువ తిన్నా, నీళ్లు తక్కువ తాగినా అవే సర్దుకుంటాయి. కిడ్నీ సగం అరిగిన మనిషికి ఆ సర్దుబాటు ఉండదు. నీళ్లు తగ్గితే మూత్రాన్ని చిక్కబరిచి నీటిని ఆపుకోలేడు. పొటాషియం ఎక్కువైతే బయటికి తోసేయలేడు.

ఇక ఉపవాసంలో ఒంట్లో ఏం జరుగుతుందో చూద్దాం. తిండి ఆగగానే ఇన్సులిన్ తగ్గుతుంది. సోడియాన్ని పట్టి ఉంచమని కిడ్నీకి చెప్పేవాటిలో ఇన్సులిన్ ఒకటి. అది తగ్గితే సోడియం మూత్రంలో పోతుంది, దాని వెంట నీరూ పోతుంది. కాలేయంలో, కండరాల్లో దాచుకున్న గ్లైకోజెన్ కరుగుతుంది. ఒక గ్రాము గ్లైకోజెన్ తనతోపాటు సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది కాబట్టి అది కరిగేకొద్దీ ఆ నీరు కూడా వదిలేస్తుంది. మొదటి వారంలోనే కిలోన్నర తగ్గామని సంబరపడేవాళ్లు తెలుసుకోవాల్సిందేమిటంటే, అందులో కొవ్వు కొంచెమే, ఎక్కువ భాగం నీరే. కూర్చుని లేవగానే కళ్లు తిరగడం, పిక్కలు పట్టేయడం, తలనొప్పి, నీరసం. వీటిలో చాలావరకు ఈ ఉప్పూ నీళ్లూ పోవడం వల్ల వచ్చేవే.

దీని వెనక ఇంకో సంగతి ఉంది. దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. మనం రోజూ ఒంటికి అందించే నీటిలో ఐదో వంతుకు పైగా గ్లాసుతో తాగేది కాదు, తిండితో వెళ్లేది. అన్నం, పప్పు, చారు, మజ్జిగ తినే తెలుగువాళ్లకు ఆ వాటా ఇంకా ఎక్కువే ఉంటుంది. ఒక పూట తిండి మానేస్తే ఆ పూట నీళ్లూ ఉప్పూ కూడా మానేసినట్టే. ఆ మానేసేది ఏ పూట అన్నదే ఉద్దానంలో అసలు ప్రశ్న.

ఫోనులో చెప్పే పద్ధతిలో ఎక్కువమంది మానేసేది ఉదయం పూట. మధ్యాహ్నం పన్నెండింటికి మొదటి ముద్ద, రాత్రి ఎనిమిదింటికి చివరి ముద్ద. ఇక్కడి తాతముత్తాతలు ఉదయం ఏం తాగి పొలానికి వెళ్లేవారో గుర్తుచేసుకోండి. చోడి (రాగి) అంబలి. ముందురోజు సాయంత్రం చోడి పిండిని నీళ్లలో కలిపి పక్కన పెడతారు, రాత్రికి అది కాస్త పులుస్తుంది. నూకలు ఉడుకుతున్న ఎసట్లో ఆ పిండినీళ్లు పోసి, అడుగంటకుండా కలుపుతూ ఉడికించి దించుతారు. తెల్లారాక మజ్జిగ పోసి, ఉప్పు వేసి, పల్చగా కలిపి, ఉల్లిపాయ ముక్క కొరుక్కుంటూ చెంబుడు తాగుతారు. అందులో నీరుంది, సోడియం ఉంది, మజ్జిగ నుంచి, చోళ్ల నుంచి పొటాషియం, కాల్షియం ఉన్నాయి, నీటిని పేగు లోపలికి చేర్చడానికి పనికొచ్చే పిండి పదార్థం ఉంది. చెమట పట్టే పనికి వెళ్లే ముందు తాగడానికి ఇంతకన్నా మంచి ఎలక్ట్రోలైట్ పానీయం ఏ మందుల షాపులోనూ దొరకదని నా నమ్మకం. తరవాణి, చద్దన్నం నీళ్లు కూడా ఈ పనే చేసేవి. ఎండలోకి వెళ్లబోయే మనిషి సరిగ్గా దాన్నే మానేసి, మధ్యాహ్నం తల తిరిగాక పొడి ప్యాకెట్ కొనుక్కుని తాగడం ఏ లెక్కనా సబబు కాదు.

ఉపవాసం ఉండాలనే పట్టుదల ఉంటే మానాల్సింది రాత్రి భోజనం. ఉదయం ఏడెనిమిది గంటలకు మొదలుపెట్టి సాయంత్రం నాలుగైదింటికల్లా తిండి ముగించడం. పగటిపూటే తిని రాత్రి ఖాళీగా ఉంచే పద్ధతి వల్ల ఇన్సులిన్ పనితీరు, రక్తపోటు మెరుగుపడ్డాయని షుగరు అంచున ఉన్న కొద్దిమంది మగవాళ్ల మీద అమెరికాలో చేసిన ఒక చిన్న అధ్యయనం 2018లో చెప్పింది. చిన్నదే, అయినా పగలు కష్టపడే మనిషికి ఈ వేళలే నప్పుతాయి. మరో మాట కూడా చెప్పాలి. చైనాలో 139 మంది స్థూలకాయుల మీద ఏడాదిపాటు చేసిన పరీక్ష ఫలితం 2022లో వచ్చింది. మొత్తం తిండి ఒకే మేరకు తగ్గించినప్పుడు, ఎనిమిది గంటల్లో తిన్నవాళ్లకూ రోజంతా పంచుకుని తిన్నవాళ్లకూ తగ్గిన బరువులో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. తగ్గించిన తిండే పని చేస్తోంది. గడియారం అంతగా కాదు. కాబట్టి ఉపవాసం కుదరనివాళ్లు ఏదో పోగొట్టుకుంటున్నామని దిగులుపడనక్కర్లేదు.

ఉపవాసాన్ని మెచ్చుకునేవాళ్లు నోబెల్ సంగతీ ఎత్తుతారు. జపాన్ శాస్త్రవేత్త యోషినోరి ఓసుమికి 2016లో వచ్చిన బహుమతి ఉపవాసానికే ఇచ్చారన్నట్టు మాట్లాడతారు. కణాలు తమలోని పాత సరుకును తామే కరిగించుకుని వాడుకునే తీరును ఆయన ఈస్టు మీద చేసిన ప్రయోగాలతో తేల్చారు. మనుషుల్ని పదహారు గంటలు పస్తు ఉంచి కాదు.

ఈ తీరంలో ఎండకు తేమ కూడా తోడవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో భావనపాడు, బారువ వైపు నిలబడితే ఒంటి మీద చెమట ఆరదు. ఆరని చెమట ఒంటిని చల్లబరచదు, ఇంకా కారుతూనే ఉంటుంది. లీటరు చెమటతో సుమారు ఒక గ్రాము సోడియం, అంటే రెండున్నర గ్రాముల ఉప్పు పోతుంది. మనిషిని బట్టి ఇందులో సగమూ పోవచ్చు, రెట్టింపూ పోవచ్చు. టెక్కలి దగ్గర నీలి గ్రానైట్ క్వారీల్లో రాయి కోసేవాళ్లు, మూలపేట పోర్టు పనుల్లో ఉన్నవాళ్లు, కొబ్బరి చెట్లెక్కేవాళ్లు, పలాస జీడి పరిశ్రమల్లో జీడిపిక్కలు ఉడికించే బాయిలర్ల దగ్గర నిలబడేవాళ్లు పనివేళల్లోనే రెండు మూడు లీటర్లు కార్చేస్తారు. రోజుకు ఐదు గ్రాముల లోపే ఉప్పు తినమని ప్రపంచ ఆరోగ్య సంస్థ, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పే మాట అందరికీ మంచిదే. అయితే చెమటోడ్చే మనిషి ఉప్పు పూర్తిగా మానేసి, పైగా పస్తుండి, ఉత్త నీళ్లు మాత్రమే తాగుతూ పోతే రక్తంలో సోడియం పడిపోతుంది. 2002 బోస్టన్ మారథాన్‌లో పరుగు ముగించినవాళ్ల రక్తం పరీక్షిస్తే వందలో 13 మందికి సోడియం తక్కువగా ఉంది. వాళ్లలో చాలామంది చేసిన తప్పు నీళ్లు తాగకపోవడం కాదు, మరీ ఎక్కువగా తాగడం. వికారం, తలనొప్పి, మాట తడబడటం, మత్తుగా పడిపోవడం వడదెబ్బలాగే కనిపిస్తాయి. ఇంకా నీళ్లు పట్టిస్తే ప్రాణం మీదకు వస్తుంది.

ఎండలో పని చేసేవాళ్లు దాహం కోసం ఎదురుచూడకుండా పావుగంట, ఇరవై నిమిషాలకొకసారి ఒక గ్లాసు చొప్పున తాగాలని, గంటకు లీటరున్నర దాటకూడదని అమెరికాలో కార్మికుల భద్రత చూసే సంస్థ సూచిస్తుంది. గ్లాసు గ్లాసుగా తాగడమంటే దగ్గర్లో నీళ్లుండాలి, వెళ్లిరావడానికి మరుగుదొడ్డి ఉండాలి. పనిచేసే చోట మరుగుదొడ్డి లేకపోతే ఆడవాళ్లు పొద్దున్నుంచి నీళ్లే ముట్టరు. అది ఎవరూ పేరు పెట్టని ఉపవాసం. ఆరోగ్యం కోసం చేసేది కాదు, అవమానం తప్పించుకోవడానికి చేసేది. జీడి తొక్కతీసే పనిలో ఉన్నవాళ్లలో అధికులు ఆడవాళ్లే. ఎల్ సాల్వడార్, నికరాగువాల్లో చెరకు నరికే కూలీలకు మన ఉద్దానం జబ్బులాంటిదే వస్తోందని 2002 నుంచి వైద్య పత్రికలు రాస్తున్నాయి. నికరాగువాలోని ఒక చక్కెర కర్మాగారంలో కూలీలకు నీళ్లు, నీడ, మధ్యమధ్య విశ్రాంతి తప్పనిసరి చేశాక కిడ్నీ దెబ్బలు తగ్గడం మొదలైంది. ఆ మాత్రం ఏర్పాటు పలాసలోనూ చేయొచ్చు. ప్రభుత్వం హిరమండలం జలాశయం నుంచి 700 కోట్ల రూపాయల పథకంతో వంశధార నీటిని ఉద్దానానికి తెచ్చింది. ఆ నీళ్లు ఊరి కుళాయిదాకా వస్తే సరిపోదు, పని చేసే చోటికీ రావాలి.

నీళ్లకు బదులు కూల్‌డ్రింకు తాగడం మరింత చేటు. వేడికి ఒంట్లో నీరు తగ్గిన ఎలుకలకు నీటికి బదులు కూల్‌డ్రింకులాంటి తీపి పానీయం ఇచ్చి చూస్తే కిడ్నీలు ఇంకా ఎక్కువగా దెబ్బతిన్నాయి.

కొబ్బరినీళ్ల గురించి మాట్లాడటం ఉద్దానంలో కష్టమే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి లక్షల చెట్లను కూల్చినప్పుడు ఇక్కడివాళ్లు ఇంటిమనిషి పోయినట్టు ఏడ్చారు. అలాంటి చెట్టు ఇచ్చే నీళ్లు వద్దని ఎవరితోనైనా ఎలా అంటాం? కిడ్నీలు బాగున్నవాళ్లు హాయిగా తాగొచ్చు. కానీ ఒక లేత బొండంలో అర గ్రాముకు పైగానే పొటాషియం ఉంటుంది. సోడియం తక్కువ. చెమటతో పోయేది ముఖ్యంగా సోడియం కాబట్టి కొబ్బరినీళ్లు ఒక్కటే తాగితే ఆ లోటు తీరదు. రక్తంలో కిడ్నీ పనితీరును చూపే క్రియాటినిన్ పెరిగినవాళ్లకు, ముఖ్యంగా డయాలసిస్ చేయించుకుంటున్నవాళ్లకు ఆ పొటాషియం రక్తంలో పేరుకుని గుండె లయను చెడగొడుతుంది. రక్తంలో 6 దాటితే గుండె ఎప్పుడు ఆగుతుందో చెప్పలేం. తక్కువ సోడియం ఉప్పు అని షాపుల్లో అమ్మేదాంట్లోనూ సోడియం బదులు కలిపేది పొటాషియం క్లోరైడే. 2025 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ ఉప్పు వాడకాన్ని సూచిస్తూనే, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు ఆ సూచన వర్తించదని స్పష్టంగా మినహాయించింది. ఎలక్ట్రోలైట్ పొడి ప్యాకెట్ల మీద చిన్న అక్షరాల్లో పొటాషియం ఎంతుందో రాసి ఉంటుంది, కళ్లజోడు పెట్టుకుని చదవాలి. మరోవైపు మధ్య అమెరికా కూలీల్లో జబ్బు తొలిదశలో పొటాషియం తగ్గిపోవడమూ చూశారు. ఎక్కువో తక్కువో ఒంటిని చూసి ఎవరూ చెప్పలేరు. రక్తం చూడాల్సిందే.

ఓఆర్‌ఎస్ సంగతీ ఇంతే. 1971 బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో బనగావ్ శరణార్థి శిబిరంలో కలరాతో పిట్టల్లా రాలుతున్న జనాన్ని డాక్టర్ దిలీప్ మహలనోబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లతో బతికించారు. ఆయనకు మరణానంతరం 2023లో పద్మవిభూషణ్ ప్రకటించారు. ఇప్పుడు వాడే సూత్రం 2002 నాటిది: లీటరు నీటికి ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, సోడియం సిట్రేట్ 2.9. విరేచనాలైనా, ఎండలో బాగా చెమటోడ్చి నీరసపడినా అది పనికొస్తుంది. ఇంట్లో కూర్చుని ఉపవాసం ఉండే మనిషి రోజూ తాగేది కాదు. అందులోని గ్లూకోజు ఉపవాసాన్నీ చెరుపుతుంది, ఉప్పు బీపీనీ పెంచుతుంది. పేరు మాత్రం ఓఆర్‌ఎస్ అని పెట్టుకుని చక్కెర నీళ్లు అమ్మే డబ్బాల మీద హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో ఆ సూత్రం పాటించని పానీయాలేవీ ఓఆర్‌ఎస్ అనే మాట వాడకూడదని ఆహార భద్రత సంస్థ ఆదేశించింది. ఆ తల్లికి తెలుగు ఇళ్లన్నీ రుణపడి ఉండాలి.

మన ఇళ్లలో ఉపవాసం ఫోనుతో రాలేదు. కార్తీక సోమవారం, ఏకాదశి, శివరాత్రి, రంజాన్ ఉండనే ఉన్నాయి. "అత్తా, కొంచెం నీళ్లయినా తాగు" అని కోడలంటే "చుక్క పొడిచాక తాగుతాన్లే అమ్మా" అనే అత్త ప్రతి ఊళ్లోనూ ఉంటుంది. ఆ భక్తిని నేను గౌరవిస్తాను. కార్తీకంలో వేడి తగ్గుతుంది, శివరాత్రి నాటికి ఎండ ఇంకా ముదరదు, ఆ రోజుల్లో పని కూడా తగ్గించుకుంటారు. ఏడాది పొడవునా, మే నెల ఎండలో పనికి వెళ్తూ, రోజూ పస్తుండటం వేరే సంగతి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు నీళ్లు కూడా ముట్టని ఉపవాసం మానుకోవడమే మేలు. డాక్టరు చెబితే పాలు, పళ్ల విషయంలోనూ జాగ్రత్తపడాలి. ఉపవాసం రోజున అరటిపళ్లు, ఖర్జూరాలు తిని పొటాషియం పెంచుకున్నవాళ్లు డయాలసిస్ మంచం మీద ఆ కబురు చెప్పుకోవాల్సి రాకూడదు. డయాలసిస్‌లో ఉన్నవాళ్లకు నీళ్ల లెక్కే వేరు. రోజు మొత్తం మీద వచ్చే మూత్రానికి మరో అర లీటరు కలిపితే ఎంతో, దాదాపు అంతే తాగమంటారు. నాలుగు లీటర్ల సలహా వాళ్ల ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుస్తుంది.

మందులు వాడేవాళ్లు ఇంకో మెట్టు జాగ్రత్తగా ఉండాలి. గ్లిమిపిరైడ్ లాంటి షుగరు బిళ్లలు, ఇన్సులిన్ వేసుకుని పస్తుంటే షుగరు ఒక్కసారిగా పడిపోతుంది. డాపాగ్లిఫ్లోజిన్ లాంటివి మూత్రంలో చక్కెరతోపాటు నీటినీ పంపేస్తాయి. బీపీకి ఇచ్చే నీటి మాత్రలు ఉప్పునూ నీటినీ తీసేస్తాయి, టెల్మిసార్టాన్ పొటాషియాన్ని పెంచగలదు. ఇవి మీరే ఆపకూడదు, వేళలు మీరే మార్చకూడదు. రాసిన డాక్టరును అడిగి మొదలుపెట్టాలి. అన్నిటికంటే భయపడాల్సింది ఒళ్లునొప్పులకు మింగే డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటి మాత్రలకు. నీరు తగ్గినప్పుడు కిడ్నీకి రక్తం అందేలా చూసే ఏర్పాటును ఇవి మూసేస్తాయి. పొద్దున్నుంచి తిండి లేదు, ఎండలో పని, సాయంత్రం నడుంనొప్పికి ఒక మాత్ర. బాగున్న కిడ్నీ కూడా దీనికి తట్టుకోలేకపోవచ్చు.

అందుకే ముందు రక్తపరీక్ష చీటీ చూసుకుందాం. సీరం క్రియాటినిన్ 1.4 అని రాసి ఉందనుకోండి. "కొంచెమే కదా ఎక్కువ" అని మడిచి జేబులో పెట్టేసుకుంటారు. ఇప్పుడు వాడుకలో ఉన్న లెక్క ప్రకారం యాభై ఏళ్ల మగవాడికి 1.4 ఉంటే కిడ్నీ వడపోత శక్తి సుమారు 61. అదే వయసు ఆడమనిషికి అదే 1.4 ఉంటే సుమారు 46. 60 లోపు మూడు నెలలపాటు నిలిస్తే అది దీర్ఘకాలిక జబ్బు. ఒకే అంకె, ఇద్దరికీ అర్థం వేరు. చీటీలో ఈ వడపోత శక్తిని ఈజీఎఫ్‌ఆర్ అని రాసి ఉన్న చోట చూడాలి, లేకపోతే అడిగి వేయించుకోవాలి. పలాసలో 2023 డిసెంబరు 14న ప్రారంభమైన 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ఉన్నాయి. పరీక్ష కోసం విశాఖ దాకా పోయే రోజులు పోయాయి.

ఈజీఎఫ్‌ఆర్ బాగుండి, మందులేవీ వాడని మనిషి పన్నెండు, పద్నాలుగు గంటలు తినకుండా ఉంటే నష్టమేమీ లేదు. ఉదయం అంబలి, మధ్యాహ్నం కూర, చారు, మజ్జిగతో అన్నం, పొద్దు వాలకముందే తేలిగ్గా ఇంకొంచెం తిని ఆపేయడం. తినని వేళల్లో నీళ్లు ఆపకూడదు. మూత్రం లేత పసుపు రంగులో ఉంటే సరిపోయినట్టే. బాగా చెమట పట్టిన రోజు ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ రెండు గ్లాసులు అదనం. లేచి నిలబడితే కళ్లు తిరిగినా, పొద్దున్నుంచి మూత్రం రాకపోయినా, గుండె దడదడలాడినా ఆ పూట ఉపవాసం అక్కడితో ముగించి తినేయాలి, తగ్గకపోతే ఆస్పత్రికి వెళ్లాలి. వేసవి తీవ్రంగా ఉన్న రోజుల్లో, జ్వరం, విరేచనాలు ఉన్నప్పుడు అసలు మొదలుపెట్టొద్దు.

మొదలుపెట్టిన మూడు నెలలకు మరోసారి క్రియాటినిన్, సోడియం, పొటాషియం చూపించుకుని, పాత చీటీ కూడా వెంట తీసుకెళ్లండి. రెండు చీటీల్లోని అంకెలూ పక్కపక్కన పెట్టి చూస్తేనే డాక్టరుకైనా సంగతి తెలిసేది.